బడి ప్రణాళికలో పిల్లల చదువు ఎక్కడ?

ప్రతి ప్రభుత్వ పాఠశాలా తనకంటూ ఒక అభివృద్ధి ప్రణాళిక రాసుకోవాలని మన చట్టమే చెబుతోంది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యా హక్కు చట్టం 21వ సెక్షన్ పాఠశాల యాజమాన్య కమిటీలను ఏర్పాటు చేయమంది. సభ్యుల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో కావాలని, మొత్తంలో సగం మంది మహిళలు ఉండాలని నిర్దేశించింది. 22వ సెక్షన్ ఆ కమిటీ చేత ప్రణాళిక తయారు చేయించి, ప్రభుత్వం ఇచ్చే నిధులకు దాన్నే ఆధారం చేసింది. చట్టం వచ్చి పదిహేనేళ్లు దాటింది. పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే 2024 లెక్కల ప్రకారం గ్రామీణ భారతంలోని ప్రభుత్వ బళ్లలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతం, ఐదో తరగతిలో 44.8 శాతం. 2022 నాటి లెక్కలకంటే ఇది మెరుగే. అయినా ఐదో తరగతికి చేరిన పిల్లల్లో సగానికి పైగా రెండో తరగతి వాచకం దగ్గరే ఆగిపోయారన్నది మింగుడుపడని నిజం. మరి ఏటా రాస్తున్న ప్రణాళికలు పిల్లల చదువుకు పనికొస్తున్నాయా? పనికిరావాలంటే అవి ఎలా ఉండాలి? ఇప్పటివరకు పోగైన ఆధారాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సమాధానం తేటతెల్లమవుతుంది. ప్రణాళిక రాసినంత మాత్రాన చదువు పెరగదు. తరగతి గదిలో పిల్లలు గడిపే గంటను మార్చగలిగిన ప్రణాళికే చదువును పెంచుతుంది.

బడి తన ప్రణాళికను తానే వేసుకోవాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. 1964-66 మధ్య పనిచేసిన కొఠారీ కమిషన్ పాఠశాల సముదాయాల (స్కూల్ కాంప్లెక్స్) భావనను ముందుకు తెచ్చింది. ఆ కమిషన్ సభ్య కార్యదర్శి జె.పి. నాయక్ 1960ల చివర్లో సంస్థాగత ప్రణాళిక గురించి గట్టిగా వాదించారు. పైనుంచి మరిన్ని వనరులు రావాలని అడగడం కంటే, చేతిలో ఉన్న వనరులను మెరుగ్గా వాడుకోవడంపై బడి దృష్టి పెట్టాలన్నది ఆయన వాదనలోని సారం. తర్వాత 2015లో జాతీయ స్థాయిలో శాలాసిద్ధి కార్యక్రమం వచ్చింది. 7 ప్రధాన రంగాల్లో, 46 ప్రమాణాల మీద బడి తనను తాను అంచనా వేసుకుని, ఆ అంచనా నుంచి మెరుగుదల ప్రణాళిక తయారు చేసుకోవాలి. 2020 జాతీయ విద్యా విధానం ఇంకో మెట్టు ఎక్కి, ఒక్కో బడి ప్రణాళిక నుంచి స్కూల్ కాంప్లెక్స్ ప్రణాళిక రూపొందాలంది. అంటే అరవై ఏళ్లుగా విధానపత్రాలు ఈ పనిముట్టును నమ్ముకుంటూనే ఉన్నాయి. నమ్మకానికి తగ్గ ఫలితం ఎందుకు రాలేదో తెలియాలంటే ముందు ఆ ప్రణాళికలో ఏం రాయమంటున్నారో చూడాలి.

విద్యా హక్కు చట్టం కింద కేంద్రం 2010లో ఇచ్చిన నమూనా నియమావళిలో ప్రణాళికకు ఒక రూపం ఉంది. అది మూడేళ్ల ప్రణాళిక. అందులో మూడు వార్షిక ఉపప్రణాళికలు ఉండాలి. తరగతులవారీగా ఎంతమంది పిల్లలు చేరతారు, అదనంగా ఎందరు ఉపాధ్యాయులు కావాలి, ఏయే గదులూ సామగ్రీ కావాలి, వీటికీ పుస్తకాలకూ యూనిఫాంలకూ ప్రత్యేక శిక్షణకూ ఎంత డబ్బు కావాలి అన్నవే అందులోని పద్దులు. ఏ పిల్లకు ఏం వచ్చు, ఏం రాదు, వచ్చే ఏడాదికి ఏం వచ్చి తీరాలి అన్న పద్దు ఆ జాబితాలో లేదు. చదువు కోసం పెట్టిన సంస్థ రాసే ప్రణాళికలో చదువుకే గడి లేకపోతే, రాసేవాళ్లు ఏం చేస్తారు? ప్రహరీ గోడ, రెండు అదనపు గదులు, బోరు, బల్లలు, ఒక గణితం స్కూల్ అసిస్టెంట్ పోస్టు అని రాసి, కమిటీ చైర్మన్ సంతకం తీసుకుని పంపేస్తారు. అందులో ప్రధానోపాధ్యాయుల తప్పేమీ లేదు. అడిగింది అవసరాల చిట్టా కాబట్టి వారు ఇచ్చిందీ అదే.

ఈ మాట అనగానే వచ్చే మొదటి అభ్యంతరం సహేతుకమైనదే. పైకప్పు కారుతున్న గదిలో, నీళ్లు లేని మరుగుదొడ్డి ఉన్న బడిలో చదువు గురించి మాట్లాడటం ఎంతవరకు న్యాయం? వసతులు పిల్లల హక్కు, వారి గౌరవానికి సంబంధించిన విషయం. 2019 నవంబర్ 14న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన మన బడి నాడు-నేడు తొలి విడతలోనే 15,715 బళ్లను తీసుకుంది. 2022 మార్చి 8న తెలంగాణలో మొదలైన మన ఊరు మన బడి 26,065 బళ్లకు 7,289 కోట్ల రూపాయల పైచిలుకు అంచనాతో రూపుదిద్దుకుంది. ఈ ఖర్చును తప్పుపట్టవలసిన పని లేదు. అయితే వసతులు వస్తే చదువు దానంతటదే వస్తుందన్న ఆశకు మాత్రం ఆధారం బలహీనం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో యాదృచ్ఛికంగా ఎంపిక చేసిన బళ్లకు అదనపు నిధులిచ్చి జరిపిన అధ్యయనం 2013లో అచ్చయింది. మొదటి ఏడాది, నిధులు అనుకోకుండా వచ్చినప్పుడు, పిల్లల ఫలితాలు మెరుగుపడ్డాయి. రెండో ఏడాది నిధులు వస్తాయని తెలిశాక తల్లిదండ్రులు తమ చేతి ఖర్చు తగ్గించుకున్నారు, ఫలితాల్లో తేడా కనిపించలేదు. పేద కుటుంబాలకు ఆ మేరకు భారం తగ్గడం మంచిదే. కానీ డబ్బు ఒక్కటే చదువును పెంచదని ఈ నేల మీదే తేలింది.

వసతులను దాటి, నిజంగా నాణ్యత కోసమే రాసిన ప్రణాళికల సంగతేమిటి? దీనికి అత్యంత బలమైన ఆధారం మధ్యప్రదేశ్ నుంచి వచ్చింది. అక్కడి ప్రభుత్వం అంతర్జాతీయంగా మేలైనవిగా పేరున్న పద్ధతులన్నిటినీ కలిపి ఒక కార్యక్రమం నడిపింది. ప్రతి బడినీ సమగ్రంగా మదింపు చేయడం, దానికి రేటింగ్ ఇవ్వడం, ఆ బడికే ప్రత్యేకమైన మెరుగుదల ప్రణాళిక రాయించడం అందులోని అంగాలు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్ యాదృచ్ఛికంగా ఎంపికైన 1,774 బళ్లలో దాని ఫలితాన్ని పరీక్షించారు. మదింపులు దాదాపు అన్ని బళ్లలో పూర్తయ్యాయి. ఇచ్చిన రేటింగులు కూడా బడి వాస్తవ స్థితిని బాగానే పట్టి చూపాయి. అయినా బడి నడిచే తీరులో గానీ పిల్లల చదువులో గానీ ఏ మార్పూ రాలేదు. క్షేత్రస్థాయి సిబ్బందితో మాట్లాడితే తేలిందేమంటే, కార్యక్రమం వల్ల నివేదికలు, కాగితాల పని పెరిగాయి. ఇంకా బాధాకరమైన సంగతి, కాగితాలన్నీ సకాలంలో అందాయి కనుక ఆ కార్యక్రమం విజయవంతమైనదిగా పరిగణన పొంది, దేశంలో 6 లక్షలకు పైగా బళ్లకు విస్తరించింది. ప్రణాళిక పూర్తవడాన్నే ఫలితంగా లెక్కిస్తే, అసలు ఫలితం గురించి అడిగే నాథుడు ఉండడు.

ఇది ఒక్క రాష్ట్రపు వైఫల్యం అనుకోవడానికి వీల్లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ మరో ప్రయోగం చేశారు. 100 గ్రామీణ ప్రాథమిక బళ్లలో పిల్లలకు పరీక్ష పెట్టి, ఎక్కడెక్కడ వెనుకబడ్డారో వివరంగా ఉపాధ్యాయులకు నివేదికలు ఇచ్చారు, అప్పుడప్పుడూ వెళ్లి చూశారు. పరిశీలకులు వచ్చినప్పుడు బోధన చురుగ్గా సాగింది. ఏడాది చివర పిల్లల మార్కులు మాత్రం మిగతా బళ్ల పిల్లల మార్కుల లాగే ఉన్నాయి. జ్వరం ఎంతుందో కొలిచి చెప్పినంత మాత్రాన అది తగ్గదు కదా. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో 280 గ్రామాల్లో జరిగిన అధ్యయనం తల్లిదండ్రుల వైపు నుంచి ఇదే చూపింది. గ్రామ విద్యా కమిటీకి ఏయే అధికారాలున్నాయో ఊరివాళ్లకు చెప్పారు, పిల్లల చదువు స్థితిని వాళ్ల చేతే కొలిపించారు. బడిలో మార్పేమీ రాలేదు. మార్పు వచ్చింది మూడో పద్ధతిలో. ఊళ్లోని యువతకు చదివించే పద్ధతి నేర్పి పఠన శిబిరాలు పెట్టించినప్పుడు, ఆ శిబిరాలకు వచ్చిన పిల్లలు చదవడంలో గట్టిగా ముందుకు వెళ్లారు. సమాచారమూ కమిటీలూ చేయలేని పనిని, పిల్లల ముందు కూర్చుని రోజూ చదివించిన గంట చేసింది.

డబ్బున్న దేశాల అనుభవం కూడా ఇంతకంటే గొప్పగా లేదు. అమెరికాలో 2002లో అమల్లోకి వచ్చిన చట్టం, వరుసగా రెండేళ్లు లక్ష్యం అందుకోలేని బళ్లు మెరుగుదల ప్రణాళిక రాసి తీరాలంది. తర్వాత 2009 ఆర్థిక ఉద్దీపన చట్టం వెనుకబడిన బళ్ల కోసం 300 కోట్ల డాలర్లు కేటాయించింది. ఆ నిధుల ప్రభావంపై ఆ దేశ విద్యాశాఖ జరిపించిన అధ్యయనం 2017లో వెలువడింది. గణితంలో, పఠనంలో, హైస్కూలు పూర్తి చేసినవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు. గాంబియాలో నిధులతో పాటు బడి నిర్వహణ మీద విస్తృత శిక్షణ ఇచ్చి చూశారు. పిల్లల గైర్హాజరు, ఉపాధ్యాయుల గైర్హాజరు తగ్గాయి, సగటు మార్కులు పెరగలేదు. దీనికి ఎదురు నిలిచే ఆధారమూ ఒకటుంది. అమెరికాలోని నెవాడా రాష్ట్రం క్లార్క్ కౌంటీలో, ప్రణాళికలు నాణ్యంగా ఉన్న బళ్లలో ఫలితాలూ మెరుగ్గా ఉన్నట్టు 2011లో వచ్చిన ఒక పరిశోధన చూపింది. కానీ మంచి ప్రధానోపాధ్యాయుడున్న బడిలో ప్రణాళికా బాగుంటుంది, బోధనా బాగుంటుంది. రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని చెప్పలేం. యాదృచ్ఛిక ప్రయోగాలు చెప్పేదానికే ఇక్కడ ఎక్కువ విలువ ఇవ్వాలి.

అలాగని ప్రణాళికలను చెత్తబుట్టలో వేయాలా? అక్కర్లేదు. పనిచేసిన చోట్ల ఏం జరిగిందో చూస్తే దారి కనిపిస్తుంది. ప్రథమ్ సంస్థ రూపొందించిన, పిల్లల స్థాయిని బట్టి బోధించే పద్ధతిని బిహార్, ఉత్తరాఖండ్ బళ్లలో మొదట ఉపాధ్యాయులకు శిక్షణ, సామగ్రి ఇచ్చి ప్రవేశపెట్టారు. రోజువారీ బడి వేళల్లో అది నిలవలేదు, ఉపాధ్యాయులు సిలబస్ పూర్తి చేసే పనిలోనే మునిగిపోయారు. అదే పద్ధతిని 2012-13లో హర్యానాలో మరోలా అమలు చేశారు. బడి వేళల్లో ఒక గంటను దీనికే కేటాయించారు. ఆ గంటలో 3, 4, 5 తరగతుల పిల్లలను తరగతులతో నిమిత్తం లేకుండా స్థాయిని బట్టి గుంపులుగా కూర్చోబెట్టారు. మండల స్థాయి పర్యవేక్షకులకు ముందుగా శిక్షణ ఇచ్చి, వారే వచ్చి చూసేలా చేశారు. భాషలో పిల్లలు ముందుకు వెళ్లారు. బ్రెజిల్‌లోని సోబ్రాల్ పట్టణం 2000 ప్రాంతంలో తన బళ్లలో పిల్లలు ప్రాథమిక తరగతులు దాటుతున్నా చదవలేకపోతున్నారని గుర్తించి, రెండో తరగతి ముగిసేలోపు ప్రతి పిల్లా చదవాలన్న ఒక్క లక్ష్యానికి కట్టుబడింది. ఏటా రెండుసార్లు ప్రతి పిల్లనూ బయటివారి చేత పరీక్షింపజేసింది, ప్రధానోపాధ్యాయులను ప్రతిభ చూసి నియమించింది. పేద ప్రాంతంలోని ఆ పట్టణం 2017 నాటికి దేశ విద్యా సూచికలో అగ్రస్థానానికి చేరింది.

హర్యానానూ సోబ్రాల్‌నూ మధ్యప్రదేశ్ పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. పనిచేసిన ప్రణాళిక నాలుగే విషయాలు తేల్చింది. ఏ పిల్లలు, ఏ నైపుణ్యం, ఏ గంటలో, ఎవరు చూస్తారు. పనిచేయని ప్రణాళిక డజన్ల కొద్దీ ప్రమాణాలను తాకింది గానీ సోమవారం పొద్దున్న టైంటేబుల్‌ను తాకలేదు. ఈ తేడా కాగితం మీద ఎలా ఉంటుందో ఒక ఊహాచిత్రంతో చూద్దాం. ఒక ప్రాథమిక బడి నాలుగో తరగతిలో 24 మంది పిల్లలు ఉన్నారనుకుందాం. మామూలు ప్రణాళికలో ఆ తరగతికి దక్కేది ఒకే వాక్యం: విద్యార్థుల అభ్యసన సామర్థ్యాలు పెంపొందించుటకు కృషి చేయబడును. చదువు కోసం రాసిన ప్రణాళికలో అదే తరగతి ఇలా కనిపిస్తుంది. ఏడుగురికి అక్షరాలు వచ్చు గానీ గుణింతాలు తడబడుతున్నాయి. తొమ్మిది మంది సరళ పదాలు చదువుతారు, ఒత్తులు వస్తే ఆగిపోతారు. ఐదుగురు వాక్యాలు చదువుతారు, భావం చెప్పలేరు. ముగ్గురు పాఠం ధారాళంగా చదువుతారు. లెక్కల్లో పదిహేను మందికి అప్పు తెచ్చుకునే తీసివేత రాదు. దసరా సెలవుల లోపు ఆ ఏడుగురూ గుణింతాలు దాటాలి, తొమ్మిది మందీ ఒత్తులున్న పదాలు చదవాలి. ఉదయం ప్రార్థన తర్వాత మొదటి గంట ఇందుకే. మూడు, నాలుగు, ఐదు తరగతులు కలిసి మూడు గుంపులు. ఏ గుంపు ఏ టీచరుదో పేరుతో సహా. ప్రతి నెలా ఆఖరు శనివారం ఒక్కో పిల్లనూ పిలిచి చదివించి, గుంపులు మార్చాలి. ఇదంతా ఒక పేజీలో పడుతుంది. ఈ పేజీ చదివిన తల్లికి తన బిడ్డ ఎక్కడుందో తెలుస్తుంది. మండల విద్యాధికారి వచ్చినప్పుడు ఏం చూడాలో కూడా తెలుస్తుంది.

ఈ పేజీ బతకాలంటే ప్రధానోపాధ్యాయుడికి దన్ను కావాలి. ఆంధ్రప్రదేశ్‌లోని ప్రభుత్వ, ప్రైవేటు ప్రాథమిక బళ్ల నిర్వహణను మురళీధరన్ మరో ఇద్దరితో కలిసి కొలిచిన అధ్యయనంలో, నిర్వహణ మెరుగ్గా ఉన్న చోట పిల్లల ప్రగతి కూడా ఎక్కువగా ఉంది. మార్గదర్శకత్వం కోసం కొత్త వ్యవస్థలేమీ అక్కర్లేదు. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు మనకు ఉండనే ఉన్నాయి. సర్క్యులర్లు చదివి వినిపించే చోటుగా కాకుండా, ఆ నెల ఏ గుంపు ఎందుకు కదలలేదో ఉపాధ్యాయులు కలిసి ఆలోచించే చోటుగా అవి మారాలి. డబ్బు విషయానికొస్తే, విద్యార్థుల సంఖ్యను బట్టి బడికి ఏడాదికి 10 వేల నుంచి లక్ష రూపాయల వరకు సమగ్ర శిక్ష పథకం నుంచి కాంపోజిట్ గ్రాంటు వస్తుంది. కరెంటు బిల్లు, సుద్దముక్కలు, మరమ్మతులు పోగా మిగిలేది కొంచెమే అయినా, కథల పుస్తకాలకూ అక్షర కార్డులకూ సరిపోతుంది. అయితే ఆ గ్రాంటు విద్యా సంవత్సరం మొదట్లో చేతికి అందాలి. మార్చిలో అందిన డబ్బు జూన్‌లో వేసిన ప్రణాళికకు ఉపయోగపడదు.

ఇక ఉపాధ్యాయుల నుంచి వచ్చే అభ్యంతరం. ఓటర్ల జాబితాలు, సర్వేలు, యాప్‌లలో ఫొటోలు, మధ్యాహ్న భోజనం లెక్కల మధ్య ఇంకో ప్రణాళికా అని వారు అడిగితే తప్పు లేదు. ఏకోపాధ్యాయ బడిలో మూడు గుంపులను ఎవరు నడుపుతారని అడిగినా తప్పు లేదు. ఖాళీగా ఉన్న పోస్టును ఏ ప్రణాళికా భర్తీ చేయలేదు, ఆ బాధ్యత ప్రభుత్వానిది. అందుకే రెండు కాగితాలు వేరు కావాలి. పోస్టులు, గదులు, నీళ్లు అన్నవి అవసరాల పట్టికలో ఉండాలి, దానికి ప్రభుత్వం జవాబు చెప్పాలి. చదువు ప్రణాళిక వేరే ఉండాలి, దానికి బడి జవాబు చెప్పాలి. రెండూ కలిసి ఉన్నంతకాలం మొదటిది రాలేదు కాబట్టి రెండోది కాలేదని చెప్పుకునే వీలుంటుంది. చదువు ప్రణాళిక ఒక పేజీ దాటకూడదు, దాన్ని ఏ పోర్టల్‌లోనూ మళ్లీ ఎక్కించమనకూడదు. ఇక ఒకే టీచరు అన్ని తరగతులనూ చూసే బడిలో స్థాయిని బట్టి గుంపులు చేయడం అదనపు భారం కాదు. ఐదు తరగతుల ఐదు పాఠాలను ఒకేసారి లాక్కురావడం కంటే అదే తేలిక.

కొలత పెడితే మార్కుల వేట మొదలవుతుందన్న భయం కూడా కొట్టిపారేయదగినది కాదు. పదో తరగతి ఉత్తీర్ణత శాతం కోసం డిసెంబరు నుంచి ప్రశ్నలూ జవాబులూ బట్టీ పట్టించడం మనం చూస్తున్నదే. అభిజీత్ సింగ్ మధ్యప్రదేశ్‌లో అధికారిక పరీక్షలు రాసిన పిల్లలనే మళ్లీ స్వతంత్రంగా పరీక్షిస్తే, అధికారిక మార్కులు అసలు స్థాయిని బాగా పెంచి చూపినట్టు బయటపడింది. ఆంధ్రప్రదేశ్‌లో ట్యాబ్‌లపై పరీక్ష పెట్టినప్పుడు ఆ వక్రీకరణ చాలావరకు తగ్గింది. దీని నుంచి నేర్చుకోవలసింది ఒకటే. నెలనెలా టీచరు చేసే పరిశీలన ఆయనకోసమే ఉండాలి, దాని ఆధారంగా మెమోలు ఇవ్వకూడదు. నిజం రాసిన టీచరుకు శిక్ష పడితే మరుసటి నెల నిజం కాగితం మీదకు రాదు. ఏడాదికి రెండుసార్లు మాత్రం పక్క స్కూల్ కాంప్లెక్స్ నుంచి వచ్చినవారు కొందరు పిల్లలను చదివించి చూడాలి. పోల్చవలసింది బడితో బడిని కాదు, జూన్‌లో ఉన్న పిల్లతో మార్చిలో ఉన్న అదే పిల్లను.

తల్లిదండ్రుల పాత్ర గురించి ఒక మాట. గాంబియాలో పెద్దల అక్షరాస్యత మెరుగ్గా ఉన్న చోట్లే కమిటీల శిక్షణ వల్ల చదువుకు మేలు జరిగే సూచనలు కనిపించాయి. చదువురాని తల్లికి శాలాసిద్ధి 46 ప్రమాణాల పట్టిక ఇచ్చి అభిప్రాయం అడగడం వల్ల ఆమెకూ బడికీ లాభం లేదు. కానీ తన కూతురు ఒక పేరా చదువుతుంటే వినడానికి అక్షరాస్యత అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతటా ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి. అలాంటి రోజున ఉపన్యాసాలు తగ్గించి, ప్రతి పిల్లా తన తల్లిదండ్రుల ముందు చదివి వినిపిస్తే కమిటీ సమావేశానికి అంతకు మించిన ఎజెండా ఉండదు.

2021 జూలైలో మొదలైన జాతీయ కార్యక్రమం నిపుణ్ భారత్ 2026-27 నాటికి మూడో తరగతి ముగిసేలోపు ప్రతి పిల్లకూ చదవడం, రాయడం, లెక్కలు రావాలని లక్ష్యం పెట్టుకుంది. తెలంగాణ 2022లో తొలిమెట్టు కార్యక్రమం మొదలుపెట్టింది కూడా ఇందుకే. లక్ష్యం సరైనదే, గడువు ముంచుకొస్తోంది. కనుక రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు చేయవలసిన పని స్పష్టం. పాఠశాల అభివృద్ధి ప్రణాళిక నమూనాలో పిల్లల చదువును మొదటి పేజీకి తీసుకురండి, అవసరాల పట్టికను విడదీయండి, కాగితం అందిందా అని కాకుండా స్థాయిని బట్టి చదివించే ఆ గంట జరుగుతోందా అని చూడండి. ప్రధానోపాధ్యాయులు ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఆగనక్కర్లేదు. ఒక పేజీ, పిల్లల పేర్లు, ఒక గంట చాలు. ఈ జూన్‌లోనే మొదలుపెట్టవచ్చు.